పాలసొర కోసం శంకర్‌పూర్ దాకా

ఖరగ్‌పూర్‌లో దీఘా చూడని ఇల్లు ఉండదు. రెండు రోజులు సెలవు దొరికితే చాలు, అందరూ అక్కడికే పరుగు. తిరిగొచ్చి చెప్పే కబుర్లూ ఒకటే: అలల్లో స్నానాలు, గవ్వల దండలు, నూనెలో వేయించిన పీతలు. నేను రాయబోయేది దాని పక్కనే ఉన్న శంకర్‌పూర్ గురించి. అక్కడ మోటారు పడవెక్కి, తీరం కనపడనంత దూరం పోయి, ఒక సొరచేపను పట్టి, దాన్ని ఏం చేయాలో తేలక ముగ్గురం కొట్టుకు చచ్చిన సంగతి ఇది. మీరూ వెళ్ళండని మాత్రం ఎవరికీ చెప్పను.

తాల్‌బగీచా

మా అమ్మాయి స్టెల్లా పురిటికి ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలోని మా ఇంటికి వచ్చింది. బాబు పుట్టి రెండో వారం నడుస్తోంది. పాలు పడలేదు. బాబు బరువు తగ్గుతున్నాడని, పాలు పడేదాకా డబ్బా పాలు కలిపి పట్టమని డాక్టరమ్మ చెప్పింది. నా ఇంట్లో డబ్బా పాలు అడుగు పెట్టవని నేను చెప్పేశాను. ఇద్దరు పిల్లల్ని నా పాలతోనే పెంచాను, నా కూతురికేం తక్కువ? ముప్పయ్యేళ్ళు బళ్ళో తెలుగు చెప్పి చెప్పి నా మాటే ఆఖరి మాట కావడం నాకు అలవాటైపోయింది. స్టెల్లా గోడవైపు తిరిగి పడుకుంది. రోజంతా బాబు ఏడుపు, దాని ఏడుపు.

అప్పుడు మా అత్త పాలసొర మాటెత్తింది. మా వైపు బాలింతకి పాలసొర పుట్టు పెట్టకపోతే పురుడు పోసినట్టే కాదు. సొరను ఉడికించి, ముళ్ళు తీసి, పొడిపొడిగా చిదిమి, అల్లం వెల్లుల్లి దట్టించి వేయిస్తారు. తింటే పాలు ధారగా పడతాయని నమ్మకం. నేనూ తిన్నాను, నాకూ పడ్డాయి. అత్తది భీమిలి దగ్గర బెస్తవాళ్ళ ఇల్లు. పెళ్ళయి రైల్వే క్వార్టర్స్‌కి వచ్చి అరవై ఏళ్ళు దాటినా సముద్రం సంగతుల్లో ఆవిడ మాటకి తిరుగు లేదు.

బజారులో ఐసులో పెట్టిన సొర పనికిరాదంది. బిడ్డ మేనమామ తన చేత్తో సముద్రంలోంచి లాగాలట. లాగిన మొదటి సొరను బిడ్డ అమ్మమ్మ తన కొంగులో పట్టాలట. ఆ మొదటిది చెయ్యి జారితే పాలూ దానితోనే పోతాయట. ఈ కొంగు సంగతి నేనెప్పుడూ వినలేదే అంటే, నీ పురిటికి మీ అమ్మ పట్టింది, నీకు గుర్తులేదు అంది. మా అమ్మ పోయి చాలా కాలమైంది, అడగడానికి లేదు. ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చునేవాళ్ళం, మాకు ఈ పద్ధతులేమిటని మీరు అడగొచ్చు. పసివాడు ఆకలికి ఏడుస్తుంటే అవన్నీ ఎవరికి గుర్తుంటాయి?

మా ఆయన ఆనందరావు వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. అబ్బాయి ప్రవీణ్ ఇప్పుడు అక్కడే ఫిట్టరు. వాడే మేనమామ. ముగ్గురం అద్దె బండి మాట్లాడుకుని బయల్దేరాం. స్టెల్లాకి తోడు అత్త ఉంటానంది.

బెల్దా

బెల్దాలో బండి ఆపి టిఫిన్ చేశాం. అక్కడి టిఫిన్ అంటే ముడి, అంటే మరమరాలే. మనం మరమరాల్లో ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి సాయంత్రం ఊసుపోక నములుతాం. మేదినీపూర్ వాళ్ళకి అది భోజనం. పెద్ద గిన్నె నిండా ముడి పోసి, పైన ఘుగ్నీ అనే బఠాణీ కూర గరిటెడు వేసి, రెండు ఆలూ చాప్‌లు, అదే బంగాళాదుంప బోండాలు, చిదిమి పెడతారు. మెత్తబడేలోపు తినెయ్యాలి. మనిషికి ముప్పై రూపాయలతో మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు.

కొట్టు నడిపే ఆవిడ నా వయసుదే. ఎక్కడికని అడిగింది. ఆవిడ బెంగాలీకి నా బెంగాలీ అంతంతమాత్రం, అయినా ఆడవాళ్ళకి ఇలాంటి కబుర్లు చెప్పుకోవడానికి భాష అడ్డు రాదు. సొర సంగతి విని మూతి విరిచింది. వాళ్ళలో బాలింతకి నల్లజీలకర్ర వేయించి, నూరి, అన్నంలో మొదటి ముద్దలో పెడతారట. లోపలికి వెళ్ళి గుప్పెడు పొట్లం కట్టి తెచ్చి ఇచ్చింది, డబ్బులిస్తే తీసుకోలేదు. తర్వాత, అది పనిచేసేదాకా మరి పిల్లాడు ఏం తాగుతున్నాడని అడిగింది.

ఉన్నవే తాగుతున్నాడన్నాను. నా గొంతు కటువుగా వచ్చింది. బండెక్కాక మా ఆయన, పాపం పొట్లం ఇచ్చిన మనిషి మీద అరుస్తావేమిటని నన్ను చీవాట్లు పెట్టాడు.

శంకర్‌పూర్

శంకర్‌పూర్ ఊరు కనపడేముందే ముక్కుకి తెలుస్తుంది. మైదానాల నిండా వెదురు దండేలు, వాటి మీద బట్టలారేసినట్టు ఎండుచేపలు. మన భీమిలి వైపు ఇసకలో పరిచి ఎండబెడతారు. ఇక్కడ తలకిందులుగా వేలాడదీస్తారు, ఇసక అంటదు. ఇది మనవాళ్ళూ నేర్చుకోవచ్చు.

పడవ మనిషి పేరు బిషు. వాళ్ళ పడవని భుట్‌భుటి అంటారు, దాని మోటారు చేసే చప్పుడే దాని పేరు. మా ఆయన టీ కొట్టు దగ్గర వాడికి ఒకటే కోతలు కోశాడు. మాది గంగపుత్రుల రక్తమని, మా తాతలు తెరచాపతో వెళ్ళి ఏనుగంత సొరల్ని పట్టారని, నీళ్ళ రంగు చూసి చేప పేరు చెప్తామని. ఈయన జీవితంలో పట్టిన చేపలన్నీ గోల్‌బజారులో తక్కెడ మీద పట్టినవే. నేను నోరు మూసుకుని టీ తాగాను.

చిక్కల్లా నాతో వచ్చింది. పడవ మీదికి ఆడది ఎక్కితే గంగాదేవికి కోపం వస్తుందని బిషు కుదరదన్నాడు. నేను రాకపోతే పనే లేదన్నాను. ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఐదు వందలు ఎక్కువిస్తే గంగాదేవికి నచ్చజెప్తానన్నాడు. మర్నాడు తెల్లవారుజామున పడవ ముక్కుకి అగరొత్తులు వెలిగించి, బతాసా చక్కెర బిళ్ళలు నీళ్ళలో వేసి, నన్ను వెనక మోటారు పక్కన కూర్చోబెట్టాడు. వాడు వాడి దేవతకి మొక్కుతుంటే నేను నా ప్రభువుకి మొక్కుకున్నాను. ఒక్క సొర ప్రభూ, పెద్దది అక్కర్లేదు, ఒక్కటి చాలు.

నీళ్ళ మీద

రేవు నుంచి సముద్రంలోకి పోయే కాలవ దాటగానే పడవ ఎగిరెగిరి పడటం మొదలైంది. కాసేపటికి తీరం మీది సరుగుడు తోట సన్నని గీతైంది, తర్వాత అదీ లేదు. ప్రవీణ్ రెండుసార్లు కక్కుకున్నాడు. మా ఆయన కోతలన్నీ ఆగిపోయాయి, రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నాకు మాత్రం భయం కన్నా చిరాకు ఎక్కువగా ఉంది. ఇంటి దగ్గర పసివాడు ఏడుస్తుంటాడు, ఇక్కడ మేం నీళ్ళు చూస్తూ కూర్చున్నాం.

బిషు మోటారు ఆపి, లావు తాడుకి గాలం కట్టి, చేప ముక్క గుచ్చి ప్రవీణ్ చేతికిచ్చాడు. పోటు మీద ఉండగానే కాలవలోకి వెళ్ళిపోవాలని, నీరు తీస్తే పడవ బురదలో కూరుకుపోతుందని ముందే హెచ్చరించాడు. ఒక జెల్ల పడింది. ఇంకో జెల్ల పడింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. బిషు ఇక చాలన్నట్టు ఆకాశం వైపు, మా వైపు చూడసాగాడు. ఇంకొంచెం సేపు, ఇంకొంచెం సేపు అని నేను బతిమాలాను. నా జన్మలో నేను ఎవరినీ అలా బతిమాలలేదు.

అప్పుడు తాడు బిగిసింది. ప్రవీణ్ ముందుకు తూలాడు, వాళ్ళ నాన్న వాడి నడుం పట్టుకున్నాడు. తాడు వాడి అరచేతిని కోసేసింది. తను లాగుతానని బిషు వచ్చాడు, నేను అడ్డం పడ్డాను. మేనమామే లాగాలి. రక్తం కారుతుంటే కూడా వదలకురా, వదలకురా అని అరిచాను. నీళ్ళలో బూడిదరంగు వీపు కనపడింది, నిటారుగా ఒక రెక్క కనపడింది. మరు నిమిషంలో అది పడవలో పడి చెక్కల మీద టపటప కొట్టుకుంటోంది. మూరన్నర పొడవుంటుంది.

కొంగు పరిచాను. ప్రవీణ్ తోక పట్టి ఎత్తి నా ఒళ్ళో వేశాడు. దాని చర్మం గరుకు కాగితంలా నా చీరను చీరేసింది. రెండు చేతులతో అదిమి పట్టి, అమ్మయ్య, దొరికింది అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మా, ఇది పాలసొరేనేటి?" అన్నాడు ప్రవీణ్.

ముగ్గురం మొహాలు చూసుకున్నాం. విశాఖ నుంచి వచ్చేవాళ్ళెవరో స్టీలు డబ్బాలో పుట్టు వండి రైల్లో తెచ్చిస్తే తిన్నామే గానీ, పాలసొరకి తల ఎలా ఉంటుందో తోక ఎలా ఉంటుందో మాలో ఎవరం ఎరగం. మా ఆయనకి ఫోను తీసి అత్తకి చూపిద్దామన్న తెలివి వచ్చింది, టవర్ లేదు. బిషుని అడిగితే, వాడికి ఇలాంటివన్నీ హాంగరే, బెంగాలీలో సొరకి అదొక్కటే పేరు. నీళ్ళ రంగు చూసి పేరు చెప్పేవాళ్ళు మీరే కదా, మీరే చెప్పండని పళ్ళికిలించాడు.

అది మెలి తిరిగి నా ఒళ్ళో వెల్లకిలా పడింది. పొట్ట తెల్లగా, మెత్తగా ఉంది. ముందు రెక్కల మధ్య ఒక చిన్న చీలిక కనపడింది. గాలం గుచ్చుకుందేమో అనుకుని వేలితో తడిమాను. గాయం కాదు. అంచులు ఎర్రగా ముడుచుకుని, ఇంకా పూర్తిగా మానకుండా ఉంది. రెండు రోజుల కిందటే మా బాబుకి బొడ్డు ఊడింది. స్నానం పోశాక నేనే మెత్తటి గుడ్డతో అద్దుతున్నాను. సరిగ్గా అలాగే ఉంది.

"ఇది పసిగుడ్డు," అన్నాను. "బొడ్డు కూడా ఆరలేదు."

ప్రవీణ్ బెంగాలీలో చెప్తే బిషు వంగి చూసి అవునన్నాడు. ఈ వారంలోనే పుట్టి ఉంటుంది, దీని తల్లి ఈ పడవలో సగం ఉంటుంది, చిన్నదాని మాంసం మెత్తన, ధర బాగా పలుకుతుంది అన్నాడు. అంటూనే దుడ్డుకర్ర అందుకున్నాడు.

అంటే పాలసొర కానే కాదు, అది అంత పెద్దది అవదని మాత్రం విన్నాను. పెద్దయితే మనిషిని లాగే జాతి ఏదో అయ్యుంటుంది. మా ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "సొరంటే సొరే. వయసు సూసి వండుకుంటామేటి?" అన్నాడు. మొదటిది పోతే పాలూ పోతాయని వాళ్ళమ్మ చెప్పిందా లేదా అని నన్ను నిలదీశాడు. ఇంకొకటి పడేదాకా ఉండటానికి నీళ్ళు ఆగవు, బిషు అసలే ఆగడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నాకూ లోపల అదే భయం. దీన్ని వదిలేస్తే, రేపు నిజంగానే స్టెల్లాకి పాలు రాకపోతే, బతికినంత కాలం ఆ మాట నా తల మీదే ఉంటుంది.

ప్రవీణ్ రక్తం కారే చెయ్యి చొక్కాకి తుడుచుకుంటూ నా వైపే చూస్తున్నాడు. నువ్వే చెప్పమ్మా అన్నాడు.

"కొట్టమను," అన్నాను.

అన్నది నేనే. ఎవరి మీదో తోసెయ్యడానికి లేదు. బిషు నా ఒళ్ళోంచి దాన్ని లాగి చెక్క మీద పెట్టి, కాలితో తోక తొక్కి, కర్ర ఎత్తాడు. అది ఇక కొట్టుకోవడం మానేసింది. నోరు మాత్రం తెరుస్తోంది, మూస్తోంది, మళ్ళీ తెరుస్తోంది. ఏదో అందాల్సింది అందనట్టు ఇటూ అటూ తిప్పుతోంది. నిన్న పొద్దున బయల్దేరేముందు మా బాబు స్టెల్లా గుండెల మీద ఇలాగే నోరు తిప్పుతూ వెతికాడు. ఏమీ దొరకలేదు. దొరికే దారి డాక్టరమ్మ చెప్తే అడ్డంగా నిలబడ్డది నేను. నా మాట నెగ్గాలని ఇప్పుడు ఇంకో పసిదాని నెత్తి పగలగొట్టిస్తున్నాను.

"ఒగ్గెయ్. దాన్ని ఒగ్గెయ్," అన్నాను. బిషుకి తెలుగు రాదు. నేను లేచి వాడి చెయ్యి పట్టుకున్నాను. పడవ ఒరిగింది, అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం.

"కూతురి పాలు సముద్రంలో పారబోస్తన్నావే," అన్నాడు మా ఆయన.

ప్రవీణ్ జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీశాడు. వర్క్‌షాపు వాళ్ళ జేబులో రుమాలు లేకపోయినా అది ఉంటుంది. మోకాలితో దాన్ని అదిమి, దవడలోంచి బయటికొచ్చిన గాలం మొన పుటుక్కున తెంచి, మిగిలింది వెనక్కి లాగేశాడు. రెండు చేతుల మీద మోసుకెళ్ళి నీళ్ళలో పెట్టాడు. అది పొట్ట పైకి పెట్టి తేలిపోయింది.

చచ్చిపోయిందన్నాడు బిషు. ఇటు చేపా లేదు, అటు పుణ్యమూ లేదని నవ్వాడు. ప్రవీణ్ నడుం దాకా వంగి, తోక పట్టుకుని, దాన్ని నీళ్ళలో ముందుకీ వెనక్కీ ఆడించసాగాడు. నేను వాడి చొక్కా వెనక నుంచి పట్టుకున్నాను. మా ఆయన నా భుజం పట్టుకున్నాడు. ఎంతసేపో తెలియదు. చూసి చూసి నా కళ్ళు మండాయి. ఉన్నట్టుండి వాడి చేతిలోంచి తోక ఒక్క విదిలింపు విదిలించి, నీళ్ళు మా మొహాన కొట్టి అది కిందికి వెళ్ళిపోయింది.

ఎవరం సంతోషించలేదు. బిషు మోటారు వేసి పడవని కాలవ వైపు తిప్పాడు.

వేలం దగ్గర

ఒడ్డున వేలం జరుగుతోంది. సిమెంటు గచ్చు మీద రొయ్యలు, పండుగప్పలు, వాటి పక్కన ఒక కుప్ప సొరలు. అడిగేవాడు లేనట్టు పడి ఉన్నాయి. మా ఆయన నన్ను పక్కకి పిలిచాడు. ఒకటి కొనుక్కుపోదాం, ప్రవీణ్ పట్టాడని అమ్మకి చెబుదాం, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. పాపం ఆయన బాధ ఆయనది.

ఆ కుప్ప ముందు నిలబడి స్టెల్లాకి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. నాలుగోసారి చేసినా ఎత్తలేదు. బాబుకి ఏమైంది? సొర వద్దు, ఏమీ వద్దు, ఇంటికి పదండి అన్నాను. దారిలో రామ్‌నగర్ దగ్గర డబ్, అంటే కొబ్బరిబోండాం, తాగుదామని డ్రైవరు ఆపబోతే వాడి మీద విరుచుకుపడ్డాను. బెల్దాలో మందుల షాపు ముందు మాత్రం నేనే ఆపమన్నాను. డాక్టరమ్మ రాసిచ్చిన పాలడబ్బా పేరు నాకు గుర్తు లేదు. ఆ చీటీ ఆవేళే నలిపి పారేశాను. ఏది కొనాలో తెలియక ఒట్టి చేతులతో బండెక్కాను.

మళ్ళీ తాల్‌బగీచా

అత్త వరండాలో, లోపలి గది తలుపుకి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. సొర తెచ్చారా అని అడగలేదు. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"రేపు కదేటి వస్తామన్నారు? పిల్ల పడుకుంది. లేపకు," అంది.

నేను ఆవిడని దాటి తలుపు తోశాను. గడియ వేసి ఉంది. స్టెల్లా అని పిలిచాను. లోపల ఏదో కింద పడింది, హడావిడిగా సర్దిన చప్పుడైంది, ఆ తర్వాత గడియ తీసింది. బాబు దాని ఒళ్ళో ఉన్నాడు. మూతి మీద పాలు ఉన్నాయి. దిండు కింద నుంచి సీసా మూత బయటికి కనిపిస్తోంది.

స్టెల్లా మొహంలో రక్తం లేదు. బళ్ళో కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్లలు నన్ను అలా చూస్తారు. నా కూతురు చూడటం మాత్రం అదే మొదలు.

"నాలుగు రోజులైంది అమ్మా," అంది. "నువ్వు బడికెళ్ళినప్పుడు పడతన్నాను. మిగతా టైములో ఏడిపిస్తన్నాను. నీ ఫోను సూసి భయమేసి ఎత్తలేదు. తిట్టకే."

వెనక నుంచి అత్త వచ్చి గుమ్మం పట్టుకుంది. "ఇప్పుడేమో బడికి సెలవులొచ్చినాయి కదా. నువ్వు ఇంట్లో ఉంటే ఆ గుంటడికి పాలెలా పడతాది? అందుకే నిన్ను కూడా సముద్రం మీదికి తోలినాను," అంది. మా అమ్మ కొంగు పట్టడం, అమ్మమ్మ రావాలనడం, అన్నీ ఆవిడ అల్లినవే. ఎనభై దాటిన మనిషి, నన్ను ఇంట్లోంచి పంపించడానికి వేరే దారి దొరకక పద్ధతిని పుట్టించింది.

ముక్కు మీద కోపం ఉన్న మనిషిని, ఆ క్షణంలో నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. సముద్రం మీద ముగ్గురం కొట్టుకున్నదంతా తెలివితక్కువగా అనిపించలేదు గానీ, ఈ గదిలో గడియ పెట్టుకుని నా కూతురు నాలుగు రోజులుగా దొంగలా పాలు పట్టిందన్నది మాత్రం మింగుడు పడలేదు.

మంచం మీద కూర్చుని దిండు కింద చెయ్యి పెట్టాను. స్టెల్లా వద్దన్నట్టు నా మణికట్టు పట్టుకుంది, లాక్కుని పారేస్తాననుకుంది. సీసా తీశాను. సగం మిగిలే ఉంది, ఇంకా వెచ్చగానే ఉంది.

"బిడ్డని ఇలాగివ్వు," అన్నాను. "డబ్బా ఎక్కడ దాసినావో తీసుకెళ్ళి వంటింట్లో పెట్టు. పంచదార డబ్బా పక్కన."

అది కదల్లేదు. నా మొహం చూసింది, సీసా చూసింది, ఒక్కసారిగా రెండు చేతుల్లో మొహం పెట్టుకుని భోరుమంది. దాని ఏడుపు ఆగేదాకా బాబుకి నేనే పాలు పట్టాను.